వెనక అట్ట మీద పెన్సిలు రాత

పటం ఎవరైనా కడతారండీ. నాలుగు బద్దలు, ఓ అద్దం, ఓ అట్ట, గుప్పెడు మేకులు, అంతేగా? కానీ కట్టిన పటం చేరాల్సిన గోడకి చేరడం ఉంది చూశారూ, అసలు పనితనం అక్కడుంది. ఆ సంగతి మన పటాలావిడకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలీదు. ఎందుకంటే దెబ్బతిని నేర్చుకుంది.

దుకాణం పెట్టిన కొత్తలో పళ్ళ డాక్టరు గారి పెళ్ళిఫొటో ఒకటి, సెలూన్ ఆయన తెచ్చిన జలపాతం బొమ్మ ఒకటి, రెండూ ఒకే కొలత, ఒకే రంగు చట్రం. కాగితం చుట్టి పక్కపక్కనే పెట్టింది. ఇంకేముంది, తారుమారు. వారం రోజులు డాక్టరు గారి పెళ్ళి సెలూన్ గోడ మీద జరిగింది. అక్కడ ఇంట్లో డాక్టరు గారి భార్య జలపాతాన్ని విప్పి చూసి, "మన పెళ్ళి ఇలా కొట్టుకుపోయిందేంటండీ" అని నవ్వీ నవ్వీ మంచమెక్కిందట. డాక్టరు గారు జుట్టు కత్తిరించుకోడానికి వెళ్ళి, మెడకి గుడ్డ కట్టించుకుని తలెత్తేసరికి ఎదురుగా తనే పెళ్ళికొడుకు. "చాలా మంచి జంటండీ, ఎవరో తెలీదు గానీ తీయబుద్ధి కాలేదు" అన్నాడు సెలూన్ ఆయన, కత్తెర ఆడిస్తూ.

ఆ రోజు నుంచీ పటాలావిడ చెవి వెనక పెన్సిలు దిగలేదు. ఏ పటం చేతికొచ్చినా ముందు వెనక అట్ట మీద రాసేది. 'పళ్ళ డాక్టరు గారికి'. 'మేడ మీద బామ్మగారికి'. 'సెలూన్ ఆయనకి'. శనివారం మధ్యాహ్నం తయారైన పటాలన్నీ బల్ల మీద గోడకి మొహం పెట్టి వరసగా నిలబెట్టేది. వెనక రాత పైకి చదివేది. ఎవరిదో వాళ్ళు "నాదే" అనాలి. ఆ మాట చెవిన పడితే గానీ ఆవిడ చెయ్యి పటాన్ని వదిలేది కాదు. పదేళ్ళుగా ఒక్క పటం కూడా దారి తప్పలేదు.

అలాంటి మనిషి, ముప్పై ఏడేళ్ళొచ్చాక, ఇంక పెళ్ళి మాటెత్తితే సుత్తి విసురుతుందేమోనని చుట్టాలు జంకుతున్న రోజుల్లో, ఓ బస్సు డ్రైవరుని చేసుకుంది. పగిలిన అద్దం మార్పించుకోడానికి వచ్చినాయన, అద్దం మారిపోయాక కూడా రావడం మానలేదు. మంచివాడు. మాట తక్కువ, హారన్ కూడా తక్కువే కొడతాడని పేరు. మూడేళ్ళ కిందట భార్య జబ్బు చేసి పోయింది. ఒక్కతే కూతురు, ఏడేళ్ళది. ఆ పిల్ల నడవగా చూసినవాళ్ళు లేరు, ఎటు వెళ్ళినా గెంతుడే. అందుకే ఇంటా బయటా దాన్ని మిడత అనేవాళ్ళు.

మిడతకి కొత్తావిడ మీద కోపమేం లేదు. పెట్టింది తింటుంది, జడ వేస్తానంటే కూర్చుంటుంది, బడి వదలగానే తిన్నగా దుకాణానికొచ్చి రంపంపొట్టులో కాళ్ళు దూర్చి లెక్కలు చేసుకుంటుంది. ఒక్కటే లోటు. పిలవదు. పదకొండు నెలల్లో ఒక్కసారంటే ఒక్కసారి ఏమనీ పిలవలేదు. ఆకలేస్తే గోడతో చెప్పినట్టు "ఇక్కడ ఆకలేస్తోంది" అంటుంది. ఆవిడ అటు తిరిగి ఉంటే, చుట్టూ గెంతుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడుతుంది, పిలవాల్సిన అవసరం రాకుండా. ఆ తెలివికి మెచ్చుకోవాలో ఏడవాలో తెలిసేది కాదు.

డ్రైవరు అక్కగారు వచ్చినప్పుడల్లా అదే పాట. "పిన్నీ అని పిలవవే! నోట్లో ముత్యాలేమైనా రాలిపోతాయా?"

"పిన్నంటే అమ్మ చెల్లెలు కదత్తా? అమ్మకి చెల్లెళ్ళే లేరుగా" అంది మిడత.

"వదిలేయండి వదినా, పిలుపుదేముంది" అంది పటాలావిడ.

పచ్చి అబద్ధం. పిలుపులోనే ఉంది అంతా. మధ్యాహ్నాలు దుకాణంలో ఎండ అద్దాల మీంచి జారి నేల మీద పడుకునే వేళ, ఆవిడకి కూర్చున్నచోటే కునుకు పట్టేది. ఎవరో పిలిచినట్టయి చటుక్కున లేచేది. వీధిలో ఎవరి పిల్లలో వాళ్ళమ్మని కేకేస్తూ ఉండేవాళ్ళు. తనదికాని పటం చేతిలోకొచ్చినట్టుండేది ఆవిడకి. మళ్ళీ సుత్తి అందుకునేది.

వాళ్ళింట్లో వెనక గది ఒకటుంది, ఓ కిటికీ, నాలుగు గోడలు, గోడలు కనపడనంత పాత సామాను. అది ఖాళీ చేసి మిడతకి సొంత గది చేద్దామనుకున్నారు. అక్కగారు కొంగు దోపి రంగంలోకి దిగింది. "ఆదివారం పాత సామాన్లతను వస్తాడు. చీపురుపుల్లతో సహా అమ్మేయండి. ఈ ఊయల, ఈ కుంటి సైకిలు, ఈ గొడుగు... ఎవరికే ఇవి?"

"సరే వదినా, అమ్మేద్దాం" అంది పటాలావిడ, ఆవిడతో వాదన పెట్టుకోవడం దండగని. మిడత గుమ్మంలో ఒంటికాలి మీద నిలబడి విన్నది.

మర్నాడు పొద్దున ఆ గదిలోకెళ్తే సామాను నిండా చీటీలు. నోటుబుక్కు కాగితం చింపి, అన్నం మెతుకులతో అంటించినవి. మూడుచక్రాల సైకిలు సీటు మీద ఒకటి. ఊయలకి ఒకటి. రంగు వెలిసిన గొడుగుకి, గిలక్కాయకి, ఒంటి బూటుకి, అంచు విరిగిన పాలకప్పుకి, ఆఖరికి ట్రంకుపెట్టె తాళంకప్పకి కూడా. అన్నింటి మీదా ఒకటే మాట, మావత్తు కప్పంత పెద్దది పెట్టి: 'అమ్మకు'.

పటాలావిడ ట్రంకుపెట్టె మీద కూలబడింది. పదేళ్ళుగా వెనక అట్టల మీద ఎవరికి ఏదో రాస్తున్న మనిషికి ఆ మాట వేరేలా ఎలా కనబడుతుంది చెప్పండి? నోటితో 'అమ్మకి' అంటాం గానీ, బళ్ళో టీచరు 'అమ్మకు' అనే రాయిస్తుంది. పిల్ల ఇవన్నీ వాళ్ళమ్మకని దాచుకుంటోంది. సైకిలూ అమ్మకే, గొడుగూ అమ్మకే. ఈ ఇంట్లో ఉన్నవన్నీ పోయినావిడకే, నాకంటూ ఓ విరిగిన కప్పు కూడా లేదు అనుకుంది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఎవరూ చూడలేదు కాబట్టి తుడుచుకోవాల్సిన పని కూడా లేకపోయింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడ మనసు వెన్న కాకపోయినా రాయి మాత్రం కాదు. ఆదివారం పాత సామాన్లతన్ని గుమ్మంలోంచే పంపించేసింది. "నా తమ్ముడికి దొరికింది పెళ్ళామా, పాత సామాను కాపలాదారా!" అని అక్కగారు చిర్రుబుర్రులాడుతూ వెళ్ళిపోయింది. డ్రైవరు ఏమీ అనలేదు. ఆయన అననివన్నీ పోగేస్తే ఓ పుస్తకమవుతుంది.

ఇంక మొదలుపెట్టింది పటాలావిడ. వాళ్ళమ్మకే అయితే వాళ్ళమ్మకే. చేస్తే నిండుగా చెయ్యాలి గానీ అరకొరగా చేస్తే చేతులకి అవమానం. పెట్టెల్లాంటి లోతు చట్రాలు కట్టింది. ఒంటి బూటుకి ఒకటి. పళ్ళగాట్లున్న చెక్క గరిటెకి ఒకటి. మొదటిసారి నాన్న బస్సు ఎక్కినప్పటి టిక్కెట్టుకి గోరంత చట్రం. ఊడిన మొదటి పన్ను అగ్గిపెట్టెలో దొరికింది, దానికి నీలం అట్ట వేసి మధ్యలో కూర్చోబెడితే చందమామ ముక్కలా ఉంది. గొడుగు గుడ్డలో చినగని ముక్క చూసి కత్తిరించి, బిగించి, గోడకి కిటికీ పెట్టినట్టు పెట్టింది. పిల్ల మూడేళ్ళప్పుడు గీసిన గీతలు ట్రంకుపెట్టె అడుగున దొరికాయి. ఆవో, అమ్మో, పొయ్యో తెలీదు. దానికి అన్నింటికన్నా మంచి చట్రం వేసింది. ఊయలని మూలకి వేలాడదీసి బొమ్మలు పడుకోబెట్టింది. కుంటి సైకిలుకి తన బద్దలతోనే కాలు చేసింది.

గోడకి మేకులు కొట్టేటప్పుడు ఆవిడకో పద్ధతి ఉంది. ముందు ఖాళీ అద్దాల చట్రాలు తగిలించి చూసుకుంటుంది, ఎక్కడ ఏది నప్పుతుందోనని. అలా మూడు రోజులు ఆ గదిలో అన్నీ ఖాళీ పటాలే. మిడత నేల మీద చాప వేసుకుని వెల్లకిలా పడుకుని వాటినే చూసేది.

"ఇందులోకి మేఘం వచ్చింది" అనేది. కాసేపాగి, "ఇప్పుడు పక్కదాంట్లోకి వెళ్ళింది."

ఆవిడ కూడా వచ్చి పక్కన పడుకునేది. కిటికీలోంచి ఆకాశం వచ్చి అద్దాల్లో కూర్చునేది. ఒకదాంట్లో ఎదురింటి డాబా మీది బట్టలు, ఒకదాంట్లో కరెంటు తీగ మీది పిట్ట, పై వరసలో ఏమీ లేని తెల్లటి వెలుగు. పిట్ట ఎగిరితే నాలుగు పటాల్లోంచి ఒకదాని తర్వాత ఒకటిగా ఎగిరేది. నిద్రో మెలకువో తెలియని ఆ గంటలో ఆ గది ఎవరిదో, పిల్ల ఎవరిదో అన్న లెక్క కూడా ఆవిడకి గుర్తుండేది కాదు. లేచాక గుర్తొచ్చేది.

మూడో వారానికి అన్నీ తయారయ్యాయి. మిడత ఒక్కొక్కటీ అందిస్తోంది, ఆవిడ స్టూలు మీద నిలబడి తగిలిస్తోంది. బూటు పటం అందించబోయి మిడత వెనక్కి తిప్పి చూసింది. ఆవిడ చేతిరాతతో 'అమ్మకు' అని ఉంది. గరిటె పటం తిప్పింది. 'అమ్మకు'. పన్ను పటం తిప్పింది.

"వీటిని కూడా అమ్మేద్దామనుకున్నారా?" అంది, పన్ను పటాన్ని గుండెకి హత్తుకుని.

"అమ్మడమేంటే?"

"మరి అమ్మకు అని రాశావుగా! ఎవరికి చెప్పావు? నాన్నకా?"

"ఎవరికి చెప్పడమేంటి? నువ్వు రాసిందే కదా నేనూ రాశాను. సైకిలు మీద, గొడుగు మీద..."

"నేను రాసింది మీకు! అత్త అన్నీ అమ్మేయండి అంది కదా. అందుకని అమ్మకు, అమ్మకు, అమ్మకు అని అన్నింటి మీదా రాశా."

పటాలావిడ పెదాల మధ్య పట్టుకున్న మేకుల్ని ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుంది. తర్వాత నవ్వొచ్చింది. నవ్వితే ఆగలేదు. స్టూలు దిగి నేల మీద కూర్చుని మరీ నవ్వింది. మిడతకి ఎందుకో తెలీకపోయినా అదీ నవ్వింది.

"పెద్దవాళ్ళకి చెప్పేటప్పుడు 'అమ్మకండి' అనాలే, గడుగ్గాయీ!"

"చీటీలో పట్టలేదు" అంది మిడత.

"నేనేమో మీ అమ్మకి దాస్తున్నావనుకున్నాను. అందుకే ఆవిడకే కట్టాను ఇవన్నీ."

మిడత నవ్వడం ఆపింది. గోడ వంక చూసింది, కింది వరస నుంచి పై వరస దాకా. "అమ్మకా? ఇవన్నీ? నువ్వు కట్టావా?"

"ఊఁ. గోడ మీదుంటే ఎక్కడికీ పోవు కదా."

పిల్ల పన్ను పటం ఇచ్చేసింది. ఆవిడ తగిలించింది.

కిటికీకి ఎదురుగా, మంచం పైన ఒక చట్రం మాత్రం ఖాళీగా మిగిలింది. మిగిలిపోయిన బద్దలతో కట్టినది, నాలుగు పక్కలా నాలుగు రంగులు. మేఘాలు ఎక్కువగా వచ్చేది అందులోకే. "అది నేను పెడతా. అయ్యేదాకా నువ్వు చూడకూడదు" అంది మిడత, దాన్ని దింపించుకుని.

ఆ వారమంతా దుకాణంలో ఓ మూల అటు తిరిగి కూర్చుని ఏదో చేసింది. కత్తిరించి పారేసిన అట్టముక్కలు ఏరుకుంది, జిగురు అడిగింది, రంపంపొట్టు జల్లెడ పట్టుకుంది. మధ్యలో ఓ రోజు అడిగింది: "ఇద్దరికి వెనకాల ఒకటే మాట రాయాల్సొస్తే ఏం చేస్తావు? పటం తప్పిపోదా?"

"ఎందుకు తప్పిపోతుంది? పోయిన నెల ఇద్దరు మాస్టార్లు వచ్చారు. ఇద్దరికీ 'మాస్టారికి' అనే రాశాను. ఎవరి పటం వాళ్ళు గుర్తుపట్టి తీసుకెళ్ళారు. ఒకాయనకిచ్చామని ఇంకొకాయన ఏమీ అనుకోలేదు."

"గొడవ పడలేదా?"

"ఎందుకు పడతారే? టీ తాగి వెళ్ళారు."

మిడత తల ఊపి మళ్ళీ అటు తిరిగింది.

గురువారం సాయంత్రం పటం తెచ్చింది, బోర్లా పెట్టి రెండు చేతులతో పట్టుకుని. వెనక మేకులు కొట్టాలంతే. ఆవిడ సుత్తి అందుకుని వెనక అట్ట చూసింది. పెన్సిలుతో, కప్పంత మావత్తుతో: 'అమ్మకు'.

ఒకసారి మోసపోయిన మనిషి రెండోసారి మోసపోతుందా? ఆవిడ పకపకా నవ్వింది. "సరేలే తల్లీ, అమ్మను! ఎవరొచ్చి అడిగినా అమ్మను, సరేనా?"

మిడత ఆవిడ మొహంలోకి చూసింది. ఏదో అనబోయింది. తర్వాత "ఊఁ" అంది.

మేకులు కొట్టి, తిప్పి చూసుకున్నారు. అట్టముక్కలతో ఇల్లు, రంపంపొట్టుతో మేఘాలు, గోడల నిండా గోరంత గోరంత పటాలు, తలుపు తీసే ఉంది. "ఎంత బాగుందే!" అంది ఆవిడ, నిజంగానే. ఇంటికెళ్ళి మంచం పైన తగిలించారు. దారిలో మిడత గెంతలేదు. నడిచింది. బూట్లు బిగుతయ్యాయేమోనని ఆవిడ వీధి మధ్యలో మోకాళ్ళ మీద కూర్చుని బొటనవేలు నొక్కి మరీ చూసింది. బూట్లు సరిగ్గానే ఉన్నాయి. మనిషికి పెన్సిలు చెవి వెనకే ఉంటుంది, బుద్ధి మాత్రం ఒక్కోసారి ఎక్కడో పెట్టి మర్చిపోతుంది.

శనివారం వచ్చింది. మధ్యాహ్నం ఎండ నేల మీద పడుకుని ఉంది. సెలూన్ ఆయన వచ్చాడు, పళ్ళ డాక్టరు గారు వచ్చారు, మేడ మీద బామ్మగారు వచ్చి ఉన్న ఒక్క కుర్చీలో కూర్చున్నారు. బల్ల మీద పటాలు గోడకి మొహం పెట్టి నిలబడ్డాయి. మిడత రంపంపొట్టు బస్తా మీద కూర్చుని కాళ్ళు ఊపుతోంది. ఎన్నడూ లేనిది, నోటుబుక్కు కూడా తెరవలేదు.

పటాలావిడ వరసన చదవడం మొదలుపెట్టింది.

"పళ్ళ డాక్టరు గారికి."

"నాదే."

"బామ్మగారికి."

"నాదేనమ్మా, ఇలా అందించు."

"సెలూన్ ఆయనకి."

"నాదే. విప్పి చూపించండి, ఈసారెవరి పెళ్ళో!" అన్నాడాయన. డాక్టరు గారు కూడా నవ్వారు.

నవ్వుతూనే చివరి పటం మీద చెయ్యి వేసింది. అంత చిన్నది ఈ వారం కట్టినట్టు గుర్తులేదు. నాలుగు పక్కలా నాలుగు రంగులు. మంచం పైన ఉండాల్సింది ఇక్కడికెలా వచ్చింది? వెనక అట్ట మీద 'అమ్మకు' అని ఉంది. అందులో 'కు' మీద అడ్డంగా గీత, బళ్ళో తప్పుకి కొట్టినట్టు. పక్కనే, అట్టకి గుంట పడేంత నొక్కి, ఇంకో అక్షరం.

"అమ్మకి" అని చదివింది.

అలవాటు కొద్దీ పైకే చదివింది. చదివాక గానీ వినలేదు. ఈ మాటని ఎటు తిప్పి చూసినా అమ్మొద్దని రాదు. పెట్టెలో పెట్టి తాళం వేసినట్టు ఒక్కటే అర్థం. గురువారం పిల్ల తన మొహంలోకి ఎందుకు చూసిందో, ఆ పిల్ల ఎందుకు నడిచిందో, ఇద్దరు మాస్టార్ల సంగతి ఎందుకడిగిందో అన్నీ ఒక్కసారే ఆవిడకి అర్థమయ్యాయి. బస్తా వైపు చూసింది. మిడత కాళ్ళు ఊపడం మానేసి తన గోళ్ళు చూసుకుంటోంది. చెవులు ఎర్రబడ్డాయి.

సెలూన్ ఆయనకి ఆగదు నోరు. "ఎవరిదమ్మా అది? తీసుకునేవాళ్ళు రాలేదా?"

ఆవిడ పటాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఇన్నేళ్ళలో ఆ మాట కొన్ని వేలసార్లు విన్నది గానీ, తను ఎప్పుడూ అనలేదు.

"నాదే" అంది.

ఆ సాయంత్రం ఇద్దరూ ఇంటికి బయల్దేరారు. పటం ఆవిడ చేతుల్లోనే ఉంది, కాగితం కూడా చుట్టలేదు. అద్దంలో ఆకాశం, మేడలు, తీగలు వెనక్కి నడిచిపోతున్నాయి. వాటినే చూస్తూ నడుస్తోంది ఆవిడ, కాళ్ళు ఎక్కడ పడుతున్నాయో తెలీకుండా. మిడత పది బారల ముందు గెంతుతూ పోతోంది. వీధి మలుపులో రాళ్ళు లేచిపోయిన చోట ఆగి వెనక్కి తిరిగింది.

"అమ్మా, మెల్లగా" అని కేకేసింది. "అద్దం!"